కుక్కపిల్లకు ఇన్సూరెన్స్: పాలసీ కంటే ముందు క్యాలెండర్ చూడండి

"ఆవుకు బీమా అంటే అర్థముంది, కుక్కకు ఎందుకప్పా?" చిత్తూరు వైపు ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళ నోట ముందు వచ్చే మాట ఇదే. పాడి మీద బతికే జిల్లా కదా. చెవి ట్యాగు ఊడిపోతే క్లెయిమ్ రాదన్న సంగతి ఇక్కడ ఏ పాడిరైతును అడిగినా చెబుతాడు. కుక్క బీమాను కూడా ఆ పాడిరైతు కళ్ళతో చూస్తే సగం అర్థమైపోతుంది. మిగతా సగంలోనే తేడా ఉంది. ఆవు చనిపోతే దాని ధర, పాల రాబడి పోతాయి కాబట్టి ఆ బీమా ఆవు విలువకు చేస్తారు. కుక్క విషయంలో ధర చిన్న సంగతి. అది బతికుండి జబ్బు పడితేనో, కాలు విరగ్గొట్టుకుంటేనో అయ్యే ఖర్చే పెద్దది.

మార్కెట్లో ఉన్న పాలసీలు కూడా ఈ రెండు ఆలోచనల మీదే నడుస్తాయి. న్యూ ఇండియా, ఓరియంటల్ లాంటి ప్రభుత్వ రంగ కంపెనీల దగ్గర కుక్కల పాలసీ ఎప్పటి నుంచో ఉంది. దాని గుండెకాయ మరణానికిచ్చే పరిహారం, అంటే ఆవు బీమాకు తమ్ముడు. చికిత్స ఖర్చు కూడా చూసే హెల్త్ పాలసీలు ప్రైవేటు కంపెనీల నుంచి వచ్చాయి. 2020లో బజాజ్ అలయంజ్ తెచ్చిన పాలసీలో సర్జరీ, ఆసుపత్రి ఖర్చు, మరణం, ఓపీడీ (అంటే ఆసుపత్రిలో చేర్చకుండా చేసే వైద్యం), దొంగతనం లేదా తప్పిపోవడం, మూడో మనిషికి జరిగే నష్టం, ఇలా విడివిడి కవర్లు పెట్టారు. తర్వాత ఇంకొన్ని కంపెనీలు ఇదే దారి పట్టాయి. "పెట్ ఇన్సూరెన్స్" అని ఏజెంటు అన్నంత మాత్రాన అది ఏ రకమో తెలియదు. ముందు అడగాల్సింది ఒక్కటే: కుక్క చనిపోతేనే డబ్బులిస్తారా, జబ్బు చేసినా ఇస్తారా?

అసలు చిక్కు వయసు దగ్గర

మన ఊళ్ళో కుక్కపిల్లలు చాలావరకు 35, 45 రోజుల వయసులోనే చేతులు మారుతున్నాయి. కుక్కల పెంపకం, అమ్మకం మీద 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, అమ్మేముందు గుర్తింపు మైక్రోచిప్ వేయాలి. ఈ రెండూ పాటించే అమ్మకందారు దొరికితే మీకు సగం పని తప్పినట్టే. లేకపోతే నోరు తెరిచి చూడండి. ఎనిమిది వారాల పిల్లకు మామూలుగా 28 పాలపళ్ళూ వచ్చి ఉంటాయి. వెనక దవడ పళ్ళు ఇంకా చిగురు దాటకపోతే "రెండు నెలల పిల్ల" అన్న మాట నమ్మనక్కర్లేదు. పుట్టిన తేదీ పాలసీలో రాస్తారు కాబట్టి డాక్టరు చేత వయసు అంచనా వేయించి, ఆ తేదీనే టీకా కార్డులోనూ, ప్రపోజల్ ఫారంలోనూ రాయించండి. రెండు చోట్ల రెండు తేదీలుంటే క్లెయిమ్ రోజున మొదట పట్టుకునేది దాన్నే.

ఇప్పుడు క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కేయండి. పిల్ల 45 రోజులకు ఇంటికి వచ్చింది. హెల్త్ పాలసీ కనీస వయసు మూడు నెలలు అనుకుందాం. అంటే 90వ రోజు. పాలసీ మొదలయ్యాక జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, సాధారణంగా 15 నుంచి 30 రోజులు, కొన్ని జబ్బులకూ సర్జరీలకూ ఇంకా ఎక్కువ. అంటే 120వ రోజు దాకా జబ్బుకు పైసా రాదు. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ 75 రోజులే కుక్కపిల్ల జీవితంలో అన్నిటికంటే ప్రమాదమైనవి.

ఎందుకంటే పార్వో. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లల్ని ఎక్కువగా పట్టే జబ్బు ఇదే. వైరస్ ఒంట్లోకి చేరిన సుమారు వారం లోపు వాంతులు, ఆ వెనకే రక్తం కలిసిన నీళ్ళ విరేచనాలు, నీచు కంపు. నాలుగైదు రోజులు సెలైన్ ఎక్కిస్తూ ఆసుపత్రిలో ఉంచాల్సి వస్తుంది. ఖర్చు వేలల్లో ఉంటుంది, బతుకుతుందన్న హామీ ఉండదు. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. పాత కుక్క పార్వోతో పోయిన ఇంట్లోకి ఆరు నెలలకే కొత్త పిల్లను తెచ్చి, అదీ పోయాక "ఇంటి వాస్తు బాలేదు" అనుకునేవాళ్ళున్నారు. వాస్తు కాదు, వాకిట్లో మట్టి. ఫినాయిల్ దీనికి చాలదు. బట్టలకు వాడే మామూలు బ్లీచ్ ద్రావణం ఒక వంతుకు నీళ్ళు ముప్పై వంతులు కలిపి, గచ్చు ముందు కడిగి శుభ్రం చేశాక పోసి పది నిమిషాలు ఉంచాలి. మట్టి నేల మీద ఇది పెద్దగా పనిచేయదు, మురికి బ్లీచ్‌ను తినేస్తుంది. అలాంటి ఇంటికి టీకాలు పూర్తయిన పిల్లనే తేవడం మేలు.

అందుకని మొదటి నాలుగు నెలలకు మీ ఇన్సూరెన్స్ టీకా కార్డే. మొదటి డోసు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. తర్వాత మూడు నాలుగు వారాలకొకటి. చివరిది 16 వారాలు నిండాకే పడాలి. రేబీస్ టీకా మూడు నెలలకు. ఏడాదికి బూస్టర్. చాలామంది రెండు డోసులతో ఆపేస్తారు, తప్పు జరిగేది అక్కడే. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం అది టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక పిల్లలో ఎనిమిది వారాలకు తగ్గితే ఇంకో పిల్లలో పద్నాలుగు వారాల దాకా ఉంటుంది. ఏ పిల్లలో ఎప్పుడు తగ్గుతుందో బయటికి కనపడదు కాబట్టే డోసులు వరసగా వేసి, చివరిది 16 వారాలు దాటిస్తారు. నట్టల మందు రెండు వారాల వయసు నుంచి మూడు నెలల దాకా పక్షానికోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి.

ఇంకో మెలిక. టీకాతో ఆపగలిగే జబ్బు టీకా వేయించని కుక్కకు వస్తే పాలసీలు డబ్బులివ్వవు. వేయించామని మాటతో చెబితే చాలదు. కార్డులో సీసా మీది స్టిక్కర్, బ్యాచ్ నంబరు, తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పెంపుడు జంతువుల అంగట్లో "మేమే వేసేస్తాం సార్" అని వేసిన సూదికి ఇవేవీ ఉండవు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలవ ఉండాలి. మే నెలలో తిరుపతి ఎండకు బైకు డిక్కీలో ప్రయాణం చేసిన సీసా నీళ్ళతో సమానం.

దేనికి కవర్ కావాలి

నాలుగు నెలలు గట్టెక్కాక ఇన్సూరెన్స్ ఉపయోగం మొదలవుతుంది. ఈ ప్రాంతంలో కుక్కకు ఖర్చు తెచ్చేవి ఏవో చూసుకుని దానికి తగ్గ కవర్ ఎంచుకోవాలి. బ్రోషర్‌లో మొదట ఏది కనిపిస్తే అది కాదు.

మామిడి టెంక. నవ్వకండి. తోతాపురి సీజన్లో చిత్తూరు జిల్లాలో ఏ వాకిట్లో చూసినా టెంకలే. పళ్ళు మారే వయసు పిల్ల, అంటే నాలుగు నుంచి ఏడు నెలలది, కనిపించిందల్లా కొరుకుతుంది. జారుగా ఉన్న టెంక గొంతు దిగి పేగులో అడ్డం పడుతుంది. తిన్నది తిన్నట్టు కక్కడం, పొట్ట ముట్టుకుంటే మూలగడం, విరేచనం ఆగిపోవడం చూస్తే ఆగకూడదు. ఎక్స్‌రేలో టెంక ఎముకంత స్పష్టంగా కనపడదు, అల్ట్రాసౌండ్ కావాల్సి రావచ్చు. పేగు కోసి తీయాలి. పెద్ద బిల్లు, ఒకేసారి, ముందస్తు కబురు లేకుండా. ఇన్సూరెన్స్ ఉన్నది ఇలాంటి వాటికే.

కాలు విరగడం కూడా ఇంతే. పామరేనియన్, టాయ్ రకాలు సోఫా మీద నుంచి, పిల్లల చేతుల్లోంచి దూకినా ముందుకాలి ఎముకలు రెండూ విరగ్గొట్టుకుంటాయి. పెద్దవి మిద్దె మీద నుంచి పడతాయి, లేదా స్కూటర్ ముందు భాగంలో నిలబడి ప్రయాణం చేస్తూ. ప్లేటు వేయాల్సి వస్తే తిరుపతిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి, లేదంటే చెన్నై. 1955లో పెట్టిన కాలేజీ అది. ఇప్పుడు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద ఉంది. బోధనాసుపత్రి కాబట్టి ప్రైవేటు కంటే ఖర్చు బాగా తక్కువ, పైగా ఓపీ నంబరుతో కాగితాలు పక్కాగా వస్తాయి. ఈ ఆసుపత్రి అందుబాటులో ఉన్నవాళ్ళకు పెద్ద మొత్తం పాలసీ అవసరం కొంత తగ్గుతుందని నా అభిప్రాయం. పలమనేరు, పుంగనూరు వైపు ఉండి ప్రైవేటు క్లినిక్‌ల మీద ఆధారపడేవాళ్ళకు లెక్క వేరు. ఎక్కడున్నా, రాత్రి పదింటికి వాంతులు మొదలైతే ఎవరు చూస్తారో పిల్ల ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కుని నంబరు గోడకు అంటించండి. చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీకి పంపితే టాక్సీ ఖర్చు సాధారణంగా పాలసీలోకి రాదు.

పిడుదుల జ్వరం వేరే కథ. మన వేడికి పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి, గోడ పగుళ్ళలో గుడ్లు పెడతాయి. ఎర్లికియా, బబీసియా రెండూ వాటి ద్వారానే వస్తాయి. జ్వరం, తిండి మానడం, ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి రక్తం. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ సుమారు 28 రోజులు వాడాలి, వారం వారం రక్త పరీక్ష. ఇక్కడ చూడాల్సిన సంగతేమిటంటే, ఈ చికిత్సలో ఎక్కువ భాగం ఆసుపత్రిలో చేర్చకుండానే జరుగుతుంది. ఆసుపత్రి ఖర్చు మాత్రమే ఇచ్చే పాలసీ తీసుకుంటే, తిరుపతిలో మాటిమాటికీ వచ్చే జబ్బుకే ఏమీ రాదు. ఓపీడీ కవర్ కలుపుకుంటే ప్రీమియం పెరుగుతుంది, దానికీ ఏడాదికింత అని చిన్న పరిమితి ఉంటుంది. అదనంగా కట్టే ప్రీమియం ఆ పరిమితిలో సగానికి మించితే ఓపీడీ వదిలేసి, ఆ డబ్బు పిడుదుల మందుకు పెట్టడం నయం. ఒకసారి పాలసీ తెగిపోయి మళ్ళీ తీసుకుంటే పాత పిడుదుల జ్వరం "ముందు నుంచీ ఉన్న జబ్బు" కింద పడుతుంది. రెన్యువల్ తేదీని ఫోన్లో పది రోజుల ముందుకు పెట్టుకోండి.

శేషాచలం అంచున, అలిపిరి, మంగళం, చంద్రగిరి వైపు ఇళ్ళకు పాము ప్రమాదం కూడా ఉంది. కుక్క పాముతో తలపడి మూతి మీదో ముందుకాలి మీదో కాటు తింటుంది. విష విరుగుడు సీసాలు ఎన్ని పడతాయో ముందే చెప్పలేరు, ఒక్కో సీసాకూ డబ్బే. పాలసీలో పాము కాటు ప్రమాదం కింద వస్తుందా, జబ్బు కిందా అని అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. చాలా పాలసీల్లో ప్రమాదానికి వెయిటింగ్ ఉండదు, జబ్బుకు ఉంటుంది. తేడా అక్కడే.

ల్యాబ్రడార్, జర్మన్ షెపర్డ్ తీసుకునేవాళ్ళు తుంటి కీలు జబ్బు గురించి తప్పకుండా అడగాలి. వంశపారంపర్యంగా వచ్చేదని చాలాచోట్ల మినహాయింపుల్లో పెడతారు. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు రకాలకు ఊపిరి ఇబ్బంది, వడదెబ్బ సంగతి కూడా అంతే.

మూడో మనిషి కవర్‌ను ఎవరూ పట్టించుకోరు. నా లెక్కలో పెద్ద కుక్క ఉన్నవాళ్ళకు అన్నిటికంటే అవసరమైనది అదే. గేటు తీసిన క్షణంలో కుక్క రోడ్డు మీదికి పరుగెత్తి, బైకు మీద వచ్చే మనిషి దాన్ని తప్పించబోయి పడితే, అతని ఆసుపత్రి ఖర్చుకూ, పోయిన కూలికీ పరిహారం అడగొచ్చు. అలాంటి చట్టపరమైన పరిహారం కట్టే భారాన్ని ఈ కవర్ మోస్తుంది. మన ఇంట్లోవాళ్ళను కరిస్తే రాదు. నిర్లక్ష్యంగా జంతువును వదిలినందుకు భారతీయ న్యాయ సంహితలోని 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉండొచ్చు. ఆ జరిమానాను ఏ కంపెనీ కట్టదు.

లెక్క

ఊహించిన అంకెలతో ఒక బిల్లు చూద్దాం. టెంక తీసిన సర్జరీ మొత్తం 24,000. అందులో చేర్చకముందు ఓపీ ఫీజు, ఎక్స్‌రే, స్కానింగ్ 3,000. సర్జరీ, మత్తు, వార్డు 17,000. మందులు 3,000, అందులో డిశ్చార్జి అయ్యాక కొన్నవి 1,000. ప్రత్యేక ఆహారం డబ్బాలు 1,000. పాలసీ ఆసుపత్రి కవర్ మాత్రమే అయితే ఓపీ, స్కానింగ్, తర్వాతి మందులు, ఆహారం కలిపి 5,000 పక్కకు పోతాయి. మిగిలింది 19,000. కో-పే, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన వంతు, 20 శాతం ఉంటే అందులో 3,800 మీదే. కంపెనీ ఇచ్చేది 15,200, మీ జేబు నుంచి 8,800. సర్జరీకి వేరే ఉప పరిమితి ఉంటే ఇంకా తగ్గుతుంది. పైగా ఇది తర్వాత వచ్చే డబ్బు. ఆసుపత్రిలో ముందు 24,000 మీరే కట్టాలి, క్యాష్‌లెస్ మీద ఆశ పెట్టుకోవద్దు. కాబట్టి పాలసీ ఉన్నా చేతిలో డబ్బు ఉండాల్సిందే.

అందుకే నేను చెప్పే వరస ఇది: ముందు 15,000 విడిగా పెట్టండి, లేదా నెలకు 1,000 ఆర్డీ మొదలుపెట్టండి. టీకాలు పూర్తి చేయండి. ఆ తర్వాతే పాలసీ. నాటు కుక్కనో, రాజపాళయం లాంటి గట్టి జాతినో పెంచుతూ, వెటర్నరీ కాలేజీకి పావుగంట దూరంలో ఉండి, ఆర్డీని మధ్యలో తీయని మనిషైతే హెల్త్ పాలసీ లేకున్నా గడుస్తుంది. అప్పుడు మూడో మనిషి కవర్ విడిగా ఇస్తారేమో కనుక్కోండి. ల్యాబ్, షెపర్డ్, గ్రేట్ డేన్, టాయ్ రకాలైతే తీసుకోండి, అదీ ఏడాది లోపు. "పెద్దయ్యాక చూద్దాంలే" అంటే కుదరదు. కొత్తగా చేరడానికి గరిష్ఠ వయసు ఉంటుంది, పెద్ద శరీరం ఉన్న జాతులకు అది ఇంకా ముందే అయిపోతుంది.

ఫారం నింపేటప్పుడు

కాగితాలు లేని ల్యాబ్‌ను స్వచ్ఛమైన ల్యాబ్ అని రాయకండి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉంటేనే జాతి పేరు, లేకపోతే క్రాస్ అని నిజం రాయండి. మరణ కవర్‌లో విలువ తగ్గుతుందని అబద్ధం రాస్తే క్లెయిమ్ మొత్తం పోయే ప్రమాదం ఉంది. కాపలా కోసమా, ఇంట్లో పెంచడానికా, పిల్లలు పెట్టించి అమ్మడానికా అన్నది కూడా ఉన్నదున్నట్టు రాయాలి. పెంపకం వ్యాపారమైతే మామూలు పాలసీ వర్తించదు.

ఆవు చెవి ట్యాగుకు సమానమైనది ఇక్కడ మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద సూదితో వేస్తారు, 15 అంకెల నంబరు. పాలసీకి తప్పనిసరి కాకపోయినా వేయిస్తే కొన్ని కంపెనీలు ప్రీమియంలో తగ్గింపు ఇస్తాయి. అసలు లాభం గుర్తింపులో ఉంది. నల్ల ల్యాబ్ ఇంకో నల్ల ల్యాబ్‌లా ఉంటుంది. చనిపోయింది మీ కుక్కేనని నిరూపించేది ఆ నంబరే. నంబరు స్టిక్కర్‌ను టీకా కార్డు మీద, పాలసీ కాపీ మీద, రెండుచోట్లా అంటించండి. చిప్ వద్దనుకుంటే ముఖం, రెండు పక్కలు, వెనకవైపు, మచ్చలు కనపడేలా ఫొటోలు తీసి, ఆర్నెల్లకోసారి మళ్ళీ తీయండి. పిల్ల రూపం అంత త్వరగా మారిపోతుంది.

క్లెయిమ్ రోజున ముందు కంపెనీకి ఫోను లేదా మెయిల్, వీలైతే ఆసుపత్రి నుంచే. ఎన్ని గంటల్లోపు చెప్పాలో పాలసీలో ఉంటుంది, గడువు దాటితే అదే సాకు అవుతుంది. డాక్టరు చీటీలో జబ్బు పేరు, మొదటి లక్షణం ఎప్పుడు కనపడిందో రాయించండి. "వారం నుంచి డల్‌గా ఉంది" అని మీరు నోరు జారితే డాక్టరు అదే రాస్తారు, అది వెయిటింగ్ పీరియడ్‌లో పడిందా అని కంపెనీ చూస్తుంది. అబద్ధం చెప్పమని కాదు, సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పమని. బిల్లు మీద కుక్క పేరు, యజమాని పేరు, తేదీ, జీఎస్టీ నంబరో క్లినిక్ ముద్రో ఉండాలి. మెడికల్ షాపు తెల్ల చీటీ పనికిరాదు. కుక్క చనిపోతే తొందరపడి పూడ్చకండి. పోస్టుమార్టం రిపోర్టు అడగవచ్చు, ఎండాకాలంలో ఆరేడు గంటలు దాటితే శరీరం పరీక్షకు పనికిరాకుండా పోతుంది. వెంటనే ఐసు మధ్య పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దీపావళి టపాసులకు బెదిరి పారిపోతే పోలీస్ స్టేషన్లో ఇచ్చిన ఫిర్యాదు నకలు కావాలి.

క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం పాలసీలోని ఏ క్లాజు కిందో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఆంధ్రప్రదేశ్‌కు ఆ కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. కంపెనీ తేల్చి చెప్పిన ఏడాది లోపు వెళ్ళాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు గానీ కూడా ఫిర్యాదు చేయొచ్చు. అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. టీకా కార్డు, చిప్ నంబరు, తేదీలు సరిగ్గా ఉన్న బిల్లులు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని రాస్తే చాలు.